కాపు లేని ఏడాది

పోయిన నెల నూజివీడులో సౌజన్యకు సన్మానం చేశారు. రైల్వే జట్టు జాతీయ పోటీల్లో గెలిచి వచ్చింది కాబట్టి శాలువా, పూలదండ, కీచుమనే మైకు, అన్నీ అమర్చారు. మర్నాడు ఒక పేపర్లో ఫొటో కింద రాశారు: చిన్నప్పుడు తోటలో మామిడికాయలు బుట్టలోకి విసిరి విసిరి ఈ అమ్మాయి బాస్కెట్‌బాల్ నేర్చుకుందట. అది చదివి నాకు ఒళ్ళు మండింది. మా వైపు తోటలో ఎవరైనా కాయను విసిరితే ఆ తోటలో వాళ్ళకి అదే ఆఖరి రోజు. దెబ్బ తగిలిన కాయ నాలుగో రోజుకి నల్లబడుతుంది, పక్కనున్న నాలుగు కాయల్నీ తనతో తీసుకుపోతుంది. కాయను విసిరే కూలీని నేను బుద్ధెరిగాక చూడలేదు. ఆ రాసినాయన ఎప్పుడైనా తోటలోకి వచ్చాడో లేదో నాకు తెలియదు.

అందుకే ఇది రాస్తున్నాను. నా పేరు పెద్దిరాజు. ముసునూరు మండలంలో ఒక హైస్కూల్లో వ్యాయామం చెబుతాను, పిల్లలు పీఈటీ సార్ అంటారు. సౌజన్య చేతికి మొదట బంతి ఇచ్చింది నేనే. ఆమె పుట్టిన తేదీ తప్పు రాసిందీ నేనే. ఆ ఒక్క తేదీ మీద ఆమె ఆట మొత్తం ఉంటుందా పోతుందా అనేదాకా వచ్చింది. మొదటి సంగతి ఆ రోజు వేదిక మీద అందరూ చెప్పారు. రెండోది ఎవరూ చెప్పలేదు, మైకు నా చేతికిచ్చినప్పుడు నేనూ చెప్పలేదు. ఊరి పేరు ఇక్కడ రాయను, తప్పు నాది గాని ఊరిది కాదు.

సౌజన్య తండ్రి రాములు, తల్లి నాగేంద్రమ్మ. ఇద్దరూ లక్ష్మీనరసింహారావు గారి తోటలో కోత కూలీలు. మామిడి కోతకు చిక్కం ఉంటుంది, పొడుగాటి వెదురుకర్ర చివర కట్టిన వల సంచీ. అది అందినంత వరకు దానితోనే కోస్తారు. అందని కొమ్మలకు మనిషి ఎక్కాలి. రాములు పైకెక్కి ఒక్కో కాయనూ తొడిమతో తుంచి కిందికి వదిలేవాడు. కింద ఇద్దరు మనుషులు గోనెపట్టా పరిచి పట్టుకోవాలి. నాగేంద్రమ్మ కాయలు సర్దే పనిలో ఉంటే పట్టాకి రెండో మనిషి దొరికేది కాదు. అందుకని పదేళ్ళు వచ్చినప్పటి నుంచి సెలవుల్లో సౌజన్య వట్టి చేతులతో పట్టేది.

కాయ చేతిలో పడ్డప్పుడు చప్పుడు రాకూడదన్నది రాములు పెట్టిన నియమం. చప్పుడు వచ్చిందంటే దెబ్బ తగిలినట్టే. కాయ వచ్చే వేగంతోనే చేతులు కిందికి తీసుకుంటూ, మోకాళ్ళు వంచుతూ అందుకోవాలి. పైన ఎండ కళ్ళలో పడుతుంటుంది, ఆకుల సందుల్లోంచి కాయ ఎటునుంచి వస్తుందో తెలియదు. రోజుకి కొన్ని వందల కాయలు అలా పట్టేది. ఆమె తోటలో నేర్చుకున్నది విసరడం కాదు, పట్టడం. పేపరు వాళ్ళకి ఇంత చెప్పే ఓపిక నాకూ లేకపోయింది, వాళ్ళూ అడగలేదు.

మా బడిలో ఉన్నది ఒకటే స్తంభం, ఒకటే రింగు. హనుమాన్ జంక్షన్‌లో వెల్డింగు షాపు పరదేశి చేసిచ్చాడు. రింగు ఉండాల్సిన దానికంటే అంగుళం చిన్నదని రెండేళ్ళ తర్వాత కొలిస్తే తెలిసింది. అదీ ఒకందుకు మంచిదే అయింది, దానిలో వేయడం అలవాటైన పిల్లలకు బయటి రింగులు బావి గట్లలా కనపడేవి. ఎనిమిదో తరగతిలో సౌజన్య మా బడిలోకి వచ్చింది, అప్పటికే ఐదడుగుల ఎనిమిదంగుళాలు. తాటిచెట్టు అని వెక్కిరిస్తారని మెడ వంచుకుని నడిచేది. ఒకరోజు ఎవరో వేసిన బంతి బోర్డుకు తగిలి అడ్డదిడ్డంగా వచ్చింది. మిగతా పిల్లలు మొహం పక్కకి తిప్పుకున్నారు. ఈ పిల్ల పైకి చూస్తూ రెండు చేతులతో దాన్ని అందుకుంది, పట్టినట్టు కూడా వినపడలేదు. ఆ రోజు సాయంత్రమే నేను రాములు ఇంటికి వెళ్ళాను.

జట్టులో ఇంకో మంచి ఆటగత్తె యోగిత, లక్ష్మీనరసింహారావు గారి మనవరాలు. పొట్టిగా, చురుగ్గా ఉండేది. తోటలో ఒకరు అయ్యగారి మనవరాలు, ఇంకొకరు కూలివాళ్ళ పిల్ల. కోర్టులో మాత్రం పాస్ ఆలస్యమైతే సౌజన్య గట్టిగా కోప్పడేది, యోగిత నవ్వుతూ మాట పడేది. ఇద్దరూ విజయవాడ వెళ్ళి రాష్ట్ర జట్టుకి ఆడారు. పదహారేళ్ళ లోపు జాతీయ పోటీల్లో ఆ జట్టుకి వెండి పతకం వచ్చింది. నూజివీడులో బస్సు దిగగానే ఇద్దర్నీ ఒకే ఆటోలో ఎక్కించి ఊరేగించాం. ఆ పూట నేను కాస్త ఎక్కువగానే మాట్లాడాను.

ఇక్కడ బాస్కెట్‌బాల్ వృత్తి అంటే ఏంటో కొంచెం చెప్పాలి. క్రికెట్టులాగా వేలంపాటలు ఉండవు. రైల్వేలోనో, బ్యాంకులోనో, పోలీసు శాఖలోనో ఆటగాళ్ళ కోటాలో ఉద్యోగం రావాలి. పొద్దున్నే ప్రాక్టీసు, పగలు డ్యూటీ, ఏడాదికి కొన్ని టోర్నమెంట్లు. ఆ ఉద్యోగం వస్తే ముప్పై ఏళ్ళు దాటేదాకా ఆడొచ్చు. రాకపోతే ఎంత ఆడినా ఇరవై ఏళ్ళకి బంతి అటక మీదికి ఎక్కుతుంది. ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా సౌజన్యకు పద్దెనిమిదేళ్ళ లోపు భారత జట్టు శిబిరానికి పిలుపు వచ్చింది. ఆ జట్టులో ఒక్కసారి ఆడితే చాలు, రైల్వే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. రాములు ఆ కాగితం చదవలేడు గాని మడతలు పడకుండా రెండు రోజులు అట్ట మధ్యలో పెట్టుకుని తిరిగాడు.

పాస్‌పోర్టుకి పుట్టిన తేదీ రుజువు కావాలి. బడి సర్టిఫికెట్ అయినా, పుట్టినప్పటి నమోదు కాగితం అయినా సరే అన్నారు. నాకు జాగ్రత్త ఎక్కువ, రెండూ ఉంటే మంచిది కదా అని రాములుని వెంటపెట్టుకుని నూజివీడులో ఆ రికార్డులుండే ఆఫీసుకి వెళ్ళాను. కొరివితో తల గోక్కోవడమంటే అదే. అక్కడి గుమాస్తా రవిచంద్ర నెమ్మదస్తుడు. నేను రాసిచ్చిన ఏడాది పుస్తకమంతా తిప్పాడు, పేరు లేదు.

"ముందు ఏడాది కూడా చూడమంటారా మాస్టారూ?" అన్నాడు.

చూడమన్నాను. సెప్టెంబరు పేజీలో ఉంది. తల్లి నాగేంద్రమ్మ, తండ్రి రాములు, ఆడశిశువు. నా రాతలో ఉన్నది ఆ తర్వాతి ఏడాది జూన్ ఒకటి. తేడా తొమ్మిది నెలలే. కానీ మధ్యలో జనవరి ఒకటో తేదీ ఉంది, ఆటల్లో వయసు గీత గీసేది ఆ తేదీ దగ్గరే. అసలు తేదీ ప్రకారం ఆ పిల్ల ఈ శిబిరానికీ పనికిరాదు, వెండి పతకం వచ్చిన పోటీకీ పనికిరాదు.

అది ఎలా జరిగిందో నాకు అక్కడే, ఆ బల్ల ముందే గుర్తొచ్చింది. నాకు పీఈటీ ఉద్యోగం రాకముందు ఆ ఊరి చిన్న బడిలో విద్యా వాలంటీరుగా ఉండేవాణ్ణి. జూన్‌లో ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని చేర్పించేవాళ్ళం. పిల్లకి ఎన్నేళ్ళమ్మా అంటే నాగేంద్రమ్మ "అయిదు కాపులండి" అంది. ఆ కోత కూలీల ఇళ్ళలో పిల్లల వయసు అలాగే చెప్పేవాళ్ళు. పుట్టాక ఎన్ని మామిడి కాపులు దాటితే అన్నేళ్ళు. నేనూ ఆ గడ్డమీద పుట్టినవాణ్ణే, నాకిది కొత్త కాదు. అయిదేళ్ళు అని లెక్క కట్టి, తేదీ తెలియని పిల్లలందరికీ రాసే జూన్ ఒకటే ఆ పిల్లకీ రాసి పడేశాను. మామిడి ఏటా కాసే చెట్టు కాదని, మధ్యలో ఎగ్గొడుతుందని ఇక్కడ పాలు తాగే పిల్లవాడికి కూడా తెలుసు. మధ్యలో కాపు పోయిన ఏడాది ఏదైనా ఉందా అని ఒక్క మాట అడగాలని నాకు తోచలేదు.

నాకు అక్కడ వచ్చిన మొదటి ఆలోచన దాచకుండా రాస్తాను. "రవిచంద్ర గారూ, ఆ పేజీ మనం చూడలేదనుకుందాం," అన్నాను.

ఆయన పుస్తకం మెల్లగా మూశాడు. "చూశాం కదండీ. మీ దరఖాస్తు మీ చేతిలోనే ఉంది, కావాలంటే తీసుకెళ్ళండి. అడగని కాగితం నేనివ్వను. అడిగితే మాత్రం ఉన్నదే ఇస్తాను."

దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

సాయంత్రం వాళ్ళ ఇంటి ముందు నలుగురం కూర్చున్నాం. నేను సంగతి చెప్పాను. నాగేంద్రమ్మ చాలాసేపు చేతులు చూసుకుంటూ కూర్చుంది.

"ఆ యేడు కాపు లేదండి," అంది చివరికి. "తేనెమంచు పురుగు పడి పూతంతా మాడిపోయింది. మండలం మొత్తమ్మీద చిక్కం ఎత్తిన తోట లేదు."

"కాపు లేకపోతే ఏడాదే లేకుండా పోతుందా నాగేంద్రమ్మా?"

"ఆ యేడు మేం బతకలేదండి మాస్టారు. ఊరికే ఉన్నాం."

అంతే చెప్పి లేచి లోపలికి వెళ్ళిపోయింది. "మిరపకోతకి పోయామండి, గుంటూరు అవతలికి," అని రాములు అన్నాడు. సౌజన్య లోపలి తలుపు వైపే చూస్తూ ఉంది. నేను చెప్పాల్సింది చెప్పాను. బడి సర్టిఫికెట్ చాలని వాళ్ళే రాశారు కాబట్టి అదొక్కటే పంపుదామని, తొమ్మిది నెలల కోసం ఎవరూ పుస్తకాలు తవ్వరని, ఇలాంటి జూన్ ఒకట్లు దేశం నిండా ఉన్నాయని. పొద్దున చెబుతానంది సౌజన్య.

పొద్దున నాకంటే ముందే కోర్టు దగ్గర ఉంది. బంతి పక్కన పెట్టి నిలబడింది.

"సార్, చెప్పేద్దామండీ."

"దొరికిపోతామని భయమా?"

"భయమేనండీ. కాదని ఎందుకంటాను. రాత్రి అమ్మ అన్నం తినలేదండీ. ఆ ఏడాది ఏమైందో నాకెప్పుడూ చెప్పలేదు, ఇప్పుడడిగినా చెప్పట్లేదు. నేను కూడా ఆ ఏడాది లేదని సంతకం పెడితే ఇంక అది నిజంగానే లేనట్టు కదండీ. నేను పుట్టిన ఏడాదండీ అది."

నాకు కోపం వచ్చింది. నాలుగేళ్ళ కష్టాన్ని ఒక మాట కోసం బూడిదలో పోస్తావా అన్నాను. మా ఇద్దరి కష్టం అన్నాను. ఆమె తలొంచుకుని వింది గాని మాట మార్చుకోలేదు. అప్పుడు నాకు కోపం వచ్చింది ఆమె మీద కాదని తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. ఆ వారంలో రవిచంద్ర దగ్గర కాగితం తీసుకున్నాం. సౌజన్య తన చేత్తో ఉత్తరం రాసింది, తప్పు ఎలా జరిగిందో కింద నేను రాశాను.

పుణ్యానికి పోతే పాపం ఎదురైంది. శిబిరం నుంచి తీసేశారు, అది అనుకున్నదే. రెండేళ్ళ పాటు ఏ పోటీలోనూ ఆడకూడదన్నారు. అది కూడా కొంత అనుకున్నదే. మేం అనుకోనిది మూడోది. వయసు మించిన పిల్ల ఆడింది కాబట్టి ఆ జట్టు వెండి పతకమే రద్దు చేశారు, పన్నెండు మంది సర్టిఫికెట్లూ చెల్లవన్నారు. యోగితకు ఆ సర్టిఫికెట్ మీద ఒక ఇంజినీరింగు కాలేజీలో ఆటల కోటా సీటు ఖాయమై ఉంది. అది పోయింది. మిగతా పదిమందికి ఏమేం పోయాయో నాకు పూర్తిగా తెలియదు, కనుక్కునే ధైర్యం చేయలేదు. నాకు మాత్రం ఒక మెమో వచ్చింది. రెండు పేజీల వివరణ రాసిచ్చాను, అక్కడితో ముగిసిపోయింది. తప్పు రాసినవాడికి మెమో, నిజం చెప్పిన పిల్లకి రెండేళ్ళు.

లక్ష్మీనరసింహారావు గారు చెడ్డమనిషి కారు. రాములుని పిలిచి కూర్చోబెట్టి, "రాములూ, నీ మీద నాకేం కోపం లేదు. ఇంట్లో పిల్ల గది తలుపు తీయట్లేదు. ఈ యేడు నువ్వు వేరే తోట చూసుకో," అన్నారు. రాములు సరేనండి అని వచ్చేశాడు. పంతొమ్మిదేళ్ళు కోసిన తోట అది. ఆ ఏడు ఆగిరిపల్లి వైపు ఎవరి తోటలోనో పని దొరికింది. యోగిత సౌజన్యతో మాట్లాడటం మానేసింది.

ఆ రెండేళ్ళ గురించి సన్మానంలో ఎవరూ మాట్లాడలేదు, మాట్లాడటానికి అందులో ఏమీ లేదు కూడా. నూజివీడులో డిగ్రీ చదివింది. ఎండాకాలం కాయలు పట్టింది. మిగతా రోజుల్లో పొద్దున ఐదున్నరకల్లా మా అంగుళం తక్కువ రింగు కింద ఒక్కతే ఉండేది. ఆడే జట్టు లేదు, ఎదుటి జట్టు లేదు, రాబోయే పోటీ లేదు. నేను బంతి బోర్డుకి కొట్టేవాణ్ణి, ఆమె పట్టి నాకు తిరిగి ఇచ్చేది. రెండేళ్ళూ అదే ఆట. ఒకరోజు బంతి పట్టి ఇవ్వకుండా అలాగే నిలబడింది.

"మీరు అడగాల్సింది సార్. అయిదు కాపులంటే అయిదేళ్ళేనా అని అమ్మని ఒక్కసారి అడగాల్సింది."

"అడగాల్సిందమ్మా," అన్నాను. "నాదే తప్పు."

ఆ మాట అప్పటికి ఏడాదిన్నర నుంచి నా నోట్లో నానుతోంది, తనంతట తాను బయటికి రాలేదు. ఆమె బంతి నాకు ఇచ్చింది. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

నిషేధం తీరిన ఏడాది రైల్వే వాళ్ళు సికింద్రాబాద్‌లో ఎంపికలు పెట్టారు. నేనూ వెళ్ళాను. కోచ్ ప్రమీలారాణి గారు ఒకప్పుడు తనూ పెద్ద ఆటగత్తె. ఫైల్లో నిషేధం కాగితం చూసి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు.

"ఈ లెటర్ నీ అంతట నువ్వే రాశావా?"

"అవునండీ."

"ఎవరూ కంప్లైంట్ చెయ్యకుండానే?"

"చెయ్యలేదండీ."

"కందకి లేని దురద కత్తిపీటకి ఎందుకొచ్చిందమ్మా?"

ఆవిడ జవాబు కోసం చూడకుండా ఫైలు పక్కన పెట్టారు. మొత్తం ముప్పై మందికి పైగా వచ్చారు, జూనియర్ ఇండియా ఆడినవాళ్ళే నలుగురు. సౌజన్యని ఆఖరి ఎనిమిది నిమిషాలకి దింపారు. రెండేళ్ళు మనిషి తగలకుండా ఆడిన పిల్ల, మొదటి రెండు నిమిషాల్లో మోచేతులు తగిలి రెండుసార్లు పడిపోయింది. నాకు చూడబుద్ధి కాలేదు. తర్వాత ఎవరో వేసిన బంతి రింగు అంచుకి తగిలి పైకి లేచింది. నలుగురు ఎగిరారు, బంతి ఆమె చేతిలో ఉంది. ఆ తర్వాతది కూడా. ఆ ఎనిమిది నిమిషాల్లో ఆమె వేసిన పాయింట్లు రెండే. గురితప్పిన బంతులు మాత్రం ముప్పావు వంతు ఆమె దగ్గరికే వచ్చాయి. ప్రమీలారాణి గారు పక్కనున్నాయనతో, "ఈ పిల్ల చేతిలో బంతికి చప్పుడు రావట్లేదేంటండీ," అనడం నేను కంచె ఇవతలి నుంచి విన్నాను.

ఎంపికైంది. జూనియర్ ఇండియా కాగితం ఉన్న నలుగురికీ గుమాస్తా పోస్టులు, ఆమెకు అన్నిటికంటే కింది పోస్టు. పార్సిల్ ఆఫీసులో మూటలు మోయించే చోట వేశారు. పొద్దున మూడు గంటల ప్రాక్టీసు, పగలు మూటల లెక్క. పరీక్షలు రాసి టికెట్ కౌంటర్‌లోకి రావడానికి నాలుగేళ్ళు పట్టింది. ఈలోపు కుడిచేతి రెండు వేళ్ళు వంకరపోయాయి. కోయంబత్తూరులో ఎవరి మోచెయ్యో తగిలి ముక్కు విరిగింది, ఎడమ మోకాలికి మెట్లు దిగేటప్పుడు నొప్పి. బుట్టలో వేసేవాళ్ళ పేర్లు పేపర్లో వస్తాయి, పట్టి ఇచ్చేవాళ్ళ పేర్లు రావు. పెద్దవాళ్ళ భారత జట్టు శిబిరానికి రెండుసార్లు వెళ్ళింది, రెండుసార్లూ ఆఖరి పన్నెండులో లేదు. చిన్నప్పుడు విదేశీ జట్లతో ఆడిన అనుభవం లేదన్నారు. అది అబద్ధం కాదు. ఇప్పుడామెకు ఇరవై ఏడు నిండాయి, ఆ జట్టు చొక్కా ఇక వేసుకోదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

సన్మానం అయ్యాక, కుర్చీలు మడుస్తుంటే అడిగాను. "ఆ రోజు నా మాట వినాల్సిందని ఎప్పుడైనా అనిపించిందా సౌజన్యా?"

"చాలాసార్లు అనిపించిందండీ సార్," అంది వెంటనే. "నన్నొక్కదాన్నే తీసేస్తారనుకున్నాను. పదకొండు మంది సంగతి నాకు తెలీదు. తెలిస్తే రాసేదాన్నా లేదా అంటే ఇప్పటికీ చెప్పలేనండీ. యోగిత నంబరు నా ఫోన్లో ఉంది. చెయ్యాలనుకుంటాను, చెయ్యను."

యోగిత సన్మానానికి రాలేదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటోందని, బాగానే ఉందని లక్ష్మీనరసింహారావు గారు నాకు చెప్పారు. ఆయన మాత్రం వచ్చి ముందు వరసలో చివరిదాకా కూర్చున్నారు.

కానీ ఆ ఏడాది ఉందని ఉత్తరంలో రాయబట్టే ఇంకొకటి కూడా జరిగిందని నా నమ్మకం. అది పోయినేడాది ఫిబ్రవరిలో. రైల్వే జట్టు గుంటూరులో ఆడటానికి వచ్చింది. సౌజన్య తల్లిని తీసుకొచ్చింది, నేనూ సెలవు పెట్టి వెళ్ళాను. నాగేంద్రమ్మ కూతురి ఆట చూడటం అదే మొదలు. మ్యాచ్ అయిపోయి బయటికి రాగానే, ఇక్కడికి పది మైళ్ళలో ఒక ఊరుంది, తీసుకెళ్ళమంది. ఎందుకని అడిగితే ఆటోలో కూర్చున్నాక చెప్పడం మొదలుపెట్టింది. ఉత్తరం రాసిన తర్వాత కూడా ఏళ్ళ తరబడి నోరు విప్పని మనిషి, మిరప చేల మధ్య నుంచి ఆటో వెళుతుంటే కమ్మీ పట్టుకుని చెప్పుకుంటూ పోయింది.

కాపు లేదని తేలాక ఐదు నెలల పిల్లని వేసుకుని మేస్త్రీ వెంట మిరపకోతకి వచ్చారు. మాఘమాసం పోయేసరికి ఆమెకు పాలు ఎండిపోయాయి. పొద్దంతా మిరపకాయలు కోసిన చేతులు, ఎన్నిసార్లు కడిగినా మంట పోదు. ఆ చేతులతో పిల్లని తాకితే కేకలు పెట్టేది.

"ఎత్తుకోడానికి లేదండి మాస్టారు, పాలియ్యడానికి లేదు. గట్టు మీద పెట్టి దూరంగా కూర్చుని చూసేదాన్ని. పక్క సాలులో కోసే పున్నమ్మక్క ఇదంతా చూసింది. ఆ వూరావిడే. ఆవిడకీ చంటిపిల్లాడు. మజ్జిగతో చేతులు కడుక్కొచ్చి, నన్నడక్కుండానే తీసుకుని పాలిచ్చింది. రెండు నెలలండి. మనం ఎవరం, ఏంటి అని ఒక్కమాట అడగలేదు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?" అంది సౌజన్య.

"చెప్పకుండా వచ్చేశానే. కోత అవగానే మేస్త్రీ తెల్లారగట్ట బయల్దేరమన్నాడు, ఇటుకబట్టీలకి. వట్టి చేతులతో పోయి ఆవిడకి ఏం చెప్పను? నిన్ను చంకనేసుకుని ఆవిడ గుమ్మం ముందు నుంచే తలొంచుకుని నడిచొచ్చాను. ఆ యేడు తలుచుకుంటే నాకు ఆ గుమ్మమే కనపడుద్ది."

సౌజన్య తల్లి చెయ్యి పట్టుకుని కూర్చుంది. నేను ఎదుటి వైపు రోడ్డు చూస్తూ కూర్చున్నాను, కళ్ళు నిండుతుంటే తుడుచుకోలేదు.

పున్నమ్మ బతికే ఉంది. ఊరి చివర రేకుల షెడ్డులో పదిమంది ఆడవాళ్ళు ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తున్నారు, వాళ్ళలో ఒకావిడ. నాగేంద్రమ్మ ఆవిడ ముందు నిలబడి, తాను ఎవరో, ఎక్కడి నుంచి ఎప్పుడు వచ్చిందో చెప్పింది.

"ఇదిగో అక్కా. నీ పాలు తాగిన పిల్ల."

పున్నమ్మ తలెత్తి చూసింది. సౌజన్య మొహం కనపడటానికి ఇంకా పైకి చూడాల్సొచ్చింది. కాసేపు ఆలోచించింది.

"గుర్తు లేదమ్మాయ్," అంది. "ఆ యేడు మీ అటోళ్ళు చానామంది వచ్చారుగా. ముగ్గురు నలుగురికి ఇచ్చాను. నీకు మగపిల్లాడు కాదూ?"

"కాదక్కా. ఆడపిల్ల."

"అయితే గుర్తు లేదు." ఆవిడ మళ్ళీ చేతిలో కాయ తొడిమ తుంచింది. "పోన్లే, బతికిందిగా."

ఇరవై ఐదేళ్ళకు పైగా నాగేంద్రమ్మ మోసిన బరువు ఆవిడకు గుర్తు కూడా లేదు. నాగేంద్రమ్మ అలాగే నిలబడిపోయింది. తర్వాత పున్నమ్మ పక్కన కింద కూర్చుని, కుప్పలోంచి గుప్పెడు కాయలు దగ్గరికి లాక్కుని తొడిమలు తీయడం మొదలుపెట్టింది. సౌజన్య కూడా నొప్పి మోకాలు చాపుకుని వాళ్ళ ఎదురుగా కూర్చుంది. ఆ కుప్ప అయ్యేదాకా అక్కడే ఉన్నాం.